ఫ్లా అంటే లోపమేనా? ఒక పెచ్చు కథ

[తెరపై: పాత ఇంటి గోడ. సున్నం ఊడి లోపలి ఇటుకలు కనిపిస్తున్నాయి.]

ఈ గోడను చూస్తే మనం ఏమంటాం? పెచ్చులూడుతోంది అంటాం. ఇంగ్లిష్‌లో ‘ఫ్లా’ అనే మాటను అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి దారి కనిపించలేదు.

నిఘంటువు తెరిస్తే ఫ్లాకు ‘లోపం’ అని ఉంటుంది. తప్పని అనను గానీ, నాకది చాలదు. లోపం సంస్కృతం నుంచి వచ్చిన మాట. పాణిని ‘అదర్శనం లోపః’ అన్నాడు. రావాల్సిన అక్షరం కనబడకుండా పోతే అది లోపం. అంటే ఉండాల్సింది లేదన్నమాట. రక్తంలో ఐరన్ లోపం అనేది కూడా ఈ అర్థంలోనే. ఇంగ్లిష్‌లో దీనికి దగ్గరి చుట్టం ‘డిఫెక్ట్’. దాని లాటిన్ మూలానికి చాలకపోవడం, తక్కువపడటం అని అర్థం.

ఫ్లా పుట్టుక వేరు.

[తెరపై: నాపరాళ్లు పరిచిన బాట.]

స్కాండినేవియా వాళ్ల పాత నోర్స్ భాషలో ‘ఫ్లాగా’ అంటే రాతి పలక. ఫ్లా బహుశా అక్కడి నుంచే వచ్చిందని భాషా పండితుల మాట. 14వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో దీనికి మంచు రేకు, నిప్పురవ్వ అనే అర్థాలుండేవి. పెద్దదాని నుంచి విడివడిన చిన్న తునక అన్నమాట. అప్పటికి ఇందులో తప్పు పట్టడమేమీ లేదు.

షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లోనూ ఆ పాత అర్థం బతికే ఉంది. కూతుళ్లు గెంటేస్తున్న ముసలి రాజు, తాను ఏడవనంటాడు. ఏడ్చేలోపే ఈ గుండె లక్ష ముక్కలవుతుందంటాడు. ఆ ‘ముక్కలు’ అన్నచోట ఉన్న మాట ఫ్లాస్! ఇది తెలిశాక ఆ వాక్యం నాకు మరింత బరువుగా వినిపిస్తోంది.

ఇక్కడే మాట మలుపు తిరిగింది. పెచ్చు ఊడితే గోడ మీద గుంట మిగులుతుంది కదా. 16, 17 శతాబ్దాలకు వచ్చేసరికి ఫ్లా ఊడిన ముక్కను వదిలి ఆ గుంటకు, బీటకు పేరైంది. అలాగే దస్తావేజులోని లొసుగుకూ, వాదనలోని సందుకూ, మనిషి స్వభావానికీ పాకింది.

(ఓడల వాళ్లు హఠాత్తుగా వీచే ఈదురుగాలిని కూడా ఫ్లా అంటారు. దాన్ని వేరే మాటగానే చూడాలి.)

ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకు ‘ట్రాజిక్ ఫ్లా’ గుర్తుండే ఉంటుంది. విషాద నాటకంలో నాయకుడి పతనానికి కారణమయ్యే లోపం అన్నమాట. అరిస్టాటిల్ వాడిన గ్రీకు మాట ‘హమార్షియా’. దాని మూలార్థం గురి తప్పడం. బాణం వేశాడు, తగల్లేదు. దాన్ని ఫ్లా అనగానే చేసిన పొరపాటు కాస్తా మనిషి లోపలి బీటగా మారిపోతుంది. ఈ అనువాదం నాకు నచ్చదు. చాలామంది పండితులూ దీనికి అభ్యంతరం చెప్పారు.

[తెరపై: సానపట్టని వజ్రం, దగ్గరగా.]

ఫ్లా అసలు ఇల్లు మాత్రం రాయే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు చూసిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే ఒక సంగతి రాశాడు. రాయి శుభ్రంగా ఉంటే పనివాళ్లు దాన్ని సాన మీద ఊరికే తాకించి వదిలేసేవారట. చిన్న చిన్న దోషాలుంటే మాత్రం అవి కనబడకుండా రాయంతా ముఖాలు చెక్కేసేవారట. మన రత్నశాస్త్రంలో ఆ దోషాలకు విడివిడిగా పేర్లున్నాయి: బిందువు, రేఖ, కాకపదం. కాకపదం అంటే కాకి పాదంలా చీలిన గీత. ఎంత దగ్గరగా చూస్తే ఆ పేరు పెట్టి ఉంటారు!

నేటి వజ్రాల పరీక్షలో అత్యుత్తమ శ్రేణి పేరు ‘ఫ్లాలెస్’. పది రెట్లు పెద్దదిగా చూపే అద్దంలో నిపుణుడికి లోపల గానీ, పైన గానీ ఏ మచ్చా కనిపించకూడదు. కొలత ఆ పది రెట్లే. ఇంకా శక్తిమంతమైన మైక్రోస్కోప్ కింద ఏదైనా కనిపించినా, కాగితం మీద ఆ రాయి ఫ్లాలెస్సే.