చక్రం కదలట్లేదని సుత్తి తీయకండి

వ్యాఖ్యాత: ఓహయో నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. పోయినేడాది పల్లెలో పాత ఇల్లు కొన్నాం. వెనక కొట్టంలో ఓ గుర్రపు యంత్రం ఉంది. రెండు ఇనుప చక్రాలు, సీటు, పక్కన పళ్లున్న పొడుగాటి బార్. 1831 నాటి మెకార్మిక్ రీపర్ అని పక్కింటాయన అంటున్నారు.

నిపుణుడు: సైరస్ మెకార్మిక్ 1831లో వర్జీనియాలో నడిపి చూపించిన రీపర్ ధాన్యప్పైరు కోసేది. దానికి పైరును వంచే తిరుగుడు రెక్కలు, కోసింది పడటానికి బల్ల ఉండేవి. మీ దానికి ఉన్నాయా?

శ్రోత: లేవండీ.

నిపుణుడు: అయితే మీది మోవర్. పశువుల మేతకు గడ్డి కోసేది. పోత ఇనుములో అక్షరాలేమైనా కనిపించాయా?

శ్రోత: గేర్ల పెట్టె మీద మెకార్మిక్-డీరింగ్ అని, 9 అంకె ఉన్నాయి. సీటు మీద మాత్రం ఇంకో పేరుంది.

నిపుణుడు: సీటును నమ్మొద్దు, అవి ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మారిపోతుంటాయి. రంగునూ నమ్మొద్దు. పోతలో వచ్చిన అక్షరాలే సాక్ష్యం. మెకార్మిక్, డీరింగ్ ఒకప్పుడు పోటీ కంపెనీలు. 1902లో మరికొన్నిటితో కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి. రెండు పేర్లూ జంటగా ఉన్నాయంటే అంతకు ముందుది కాదు. నంబర్ 9 అయితే 1930ల చివర నుంచి వచ్చిన మోడల్. విడిభాగాల మీద చిన్న అంకెలుంటాయి, అవి సంవత్సరాలు కావు, ఆ భాగం నంబర్లు. అన్నీ రాసి పెట్టుకోండి. మీ అదృష్టం, దీని గేర్లు మూసిన పెట్టెలో నూనెలో మునిగి ఉంటాయి.

శ్రోత: కానీ చక్రాలు పట్టేశాయండీ. మా నాన్నగారు సుత్తితో రెండు దెబ్బలేద్దామంటున్నారు.

నిపుణుడు: వద్దండీ, దయచేసి వద్దు! పోత ఇనుము సాగదు, పగులుతుంది. పగిలిన గేరు పెట్టెను అతకడం చాలా కష్టం. ముందు గేర్ల పెట్టె కింద బిరడా విప్పండి. లోపల నీళ్లు చేరి ఉంటే నూనెకంటే ముందు అవే వస్తాయి. కిరసనాయిలుతో కడిగి, తుప్పు వదిలించే నూనె కీళ్లన్నిటికీ పోసి, రోజూ కొంచెం కదపండి. వారం పట్టినా పర్లేదు. చక్రాన్ని వెనక్కి తిప్పితే లోపల టకటకమని శబ్దం రావాలి, అదొస్తే చక్రం ముందుకు తిరిగినప్పుడే గేర్లను పట్టి తిప్పే పట్టుకొక్కేలు బతికున్నట్టే. గేరు వేసి ఉంటే చక్రంతోపాటు బార్‌లోని పళ్ల కత్తి కూడా ఆడుతుంది. బార్ దగ్గర చేతులు పెట్టే ముందు గేరు తీసేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

శ్రోత: కత్తినిండా తుప్పేనండీ.

నిపుణుడు: పళ్లు రివెట్లతో బిగించి ఉంటాయి, కొత్తవి వేయొచ్చు. మీ రాష్ట్రంలోనే హోమ్స్ కౌంటీలో ఆమిష్ రైతులు, అంటే గుర్రాలతోనే సేద్యం చేసే ఒక క్రైస్తవ సమాజం వాళ్లు, ఇలాంటి వాటితో ఇప్పటికీ గడ్డి కోస్తున్నారు. అక్కడ భాగాలు దొరుకుతాయి, చేతిపనివాళ్లూ ఉంటారు. ఇంకోటి, బార్ బయటి చివర, యంత్రం వైపున్న లోపలి కొసకంటే ముందుకుండాలి. అడుగుకు పావు అంగుళం చొప్పున, 5 అడుగుల బార్‌కు అంగుళంపావు. గడ్డి ఒత్తిడికి చివర వెనక్కి నెట్టుకుపోతుంది కాబట్టి ముందే ఆ లెక్క పెట్టాలి. కీళ్లు అరిగితే చివర ఇలా ముందుకుండటం పోతుంది. చాలామంది కత్తికి పదును లేదనుకుంటారు గానీ, నా అనుభవంలో సగం జబ్బు ఇక్కడే.

శ్రోత: నాన్నగారు మాట్లాడతారట, ఒక్క నిమిషం.

తండ్రి: బాబూ, నమస్కారం. మాది గుంటూరు జిల్లా. దీనికి నొగ ఒకటే ఉందేంటి? ఎద్దుల్ని కట్టొచ్చా?

నిపుణుడు: నమస్కారం పెద్దాయనా. రెండు గుర్రాల మధ్య ఒకటే నొగ, అంతే. ఎద్దుల్ని కట్టొచ్చు. కాకపోతే చక్రం ఎంత వేగంగా తిరిగితే కత్తి అంత వేగంగా ఆడుతుంది. ఎద్దు నడక నెమ్మది, అందుకని పదును బాగా ఉండాలి, లేకపోతే గడ్డిని నమిలేస్తుంది. నొగ పుచ్చిపోయిందేమో చూశారా?

తండ్రి: గోరు గుచ్చితే దిగుతోంది.

నిపుణుడు: అయితే అది కొత్తది చేయించాల్సిందే. పాతది పారేయొద్దు, కొలతలకు, రంధ్రాలకు అదే ఆధారం. కొత్త రంగు వేసే గొడవ ఇప్పుడొద్దండీ. కింద అసలు రంగు మిగిలుంటే ముందు ఫోటో తీయించండి.

తండ్రి: సరే నాయనా. సుత్తి లోపల పెట్టేశాను.