టాక్ టాక్ ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ రివ్యూ: హిట్లు వదిలేసి ఇటెందుకు వచ్చారు?

అందరికీ నమస్కారం. ఈరోజు మాట్లాడుకునే ఆల్బమ్ ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’. బ్యాండ్ పేరు టాక్ టాక్, లండన్ వాళ్ళు. 1988 సెప్టెంబర్‌లో వచ్చింది. పాటలు ఆరే ఆరు, అన్నీ కలిపి 40 నిమిషాల పైచిలుకు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రాక్ అనే పేరు కింద వచ్చిన ఆల్బమ్‌లలో నాకు ప్రాణంతో సమానమైనవి కొన్నే ఉన్నాయి, వాటిలో ఇది మొదటి వరసలో ఉంటుంది.

టాక్ టాక్ పేరు వినకపోయినా ‘ఇట్స్ మై లైఫ్’ పాట మీలో చాలామంది వినే ఉంటారు. 2003లో నో డౌట్ అనే అమెరికన్ బ్యాండ్ దాన్ని మళ్ళీ పాడి పెద్ద హిట్ చేసింది. అసలు పాట వీళ్ళదే, 1984 నాటిది. 1982లో మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వీళ్ళని డురాన్ డురాన్ లాంటి సింథసైజర్ పాప్ బ్యాండ్‌గా జనం ముందు పెట్టింది. డురాన్ డురాన్‌తో పాటు టూర్‌కి కూడా వెళ్ళారు. 1986లో వచ్చిన ‘ద కలర్ ఆఫ్ స్ప్రింగ్’ బ్రిటన్‌లో టాప్ 10లోకి వెళ్ళింది, యూరప్‌లో బాగా అమ్ముడుపోయింది. అలా ఊపు మీదున్న బ్యాండ్‌ని ఏ కంపెనీ అయినా ఏం అడుగుతుంది? ఇంకోటి అలాంటిదే ఇమ్మంటుంది. డబ్బూ ఇచ్చారు, టైమూ ఇచ్చారు.

బ్యాండ్ గాయకుడు మార్క్ హోలిస్ ఆ రెండూ తీసుకుని వెళ్ళి ఎవరూ అడగని పని ఒకటి మొదలుపెట్టాడు.

ఉత్తర లండన్‌లోని హైబరీలో వెసెక్స్ అని ఒక స్టూడియో ఉండేది. ఒకప్పుడు చర్చికి చెందిన హాలు అది. ద క్లాష్ బ్యాండ్ ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ రికార్డ్ చేసింది అక్కడే. అందులో 1987లో మొదలుపెట్టి నెలల తరబడి పని చేశారు. పాటలు రాసింది హోలిస్, టిమ్ ఫ్రీజ్-గ్రీన్ కలిసి. నిర్మాత కూడా ఫ్రీజ్-గ్రీనే. డ్రమ్స్ లీ హారిస్, బేస్ గిటార్ పాల్ వెబ్. సౌండ్ ఇంజనీర్ ఫిల్ బ్రౌన్.

స్టూడియోలో దీపాలు ఆర్పేసేవాళ్ళు. కొవ్వొత్తులు, గోడల మీద రంగులు కదిలే ఒక ప్రొజెక్టర్, అంతే వెలుతురు. బయటి నుంచి వాద్యకారులను పిలిచి ఆ చీకట్లో కూర్చోబెట్టి, మీకు తోచింది వాయించండి అనేవాళ్ళు. ఇదిగో స్వరం, ఇలా వాయించు అని కాగితం చేతికివ్వలేదు. ఆ వచ్చినవాళ్ళు కూడా సామాన్యులు కాదు. వయొలిన్ నైజెల్ కెనెడీ, డబుల్ బేస్ డానీ థాంప్సన్, ట్రంపెట్ హెన్రీ లోథర్, హార్మోనికా మార్క్ ఫెల్తమ్. ఇంతటివాళ్ళు గంటలకొద్దీ వాయించినదాన్ని హోలిస్, ఫ్రీజ్-గ్రీన్ కూర్చుని విని, చాలావరకు తీసి పక్కన పడేసి, ఎక్కడో దొరికిన కొన్ని క్షణాలు మాత్రం ఏరుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ ఆల్బమ్ వింటే పదిమంది ఒకే గదిలో కూర్చుని, ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఒక్కొక్కరూ వేరువేరు రోజుల్లో వాయించిన ముక్కలను డిజిటల్ టేప్ మీద జరిపి జరిపి పేర్చారు. అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించే ప్రతి స్వరాన్నీ ఎవరో ఎంచి అక్కడ పెట్టారు. నన్ను ఈ ఆల్బమ్‌కి కట్టిపడేసింది ఇదే. సహజంగా ఉండటం కోసం ఇంత కష్టపడ్డ రికార్డు ఇంకోటి నాకు తెలియదు.

పాటల్లోకి వెళ్దాం. మొదటిది ‘ద రెయిన్‌బో’. ట్రంపెట్ ఒక్కటే సన్నగా మొదలవుతుంది, వెనక ఎక్కడో తీగవాద్యాల నీడ. రెండు నిమిషాలు దాటినా పాట మొదలైనట్టే ఉండదు. మన కచేరీల్లో ఆలాపన విన్న చెవులకు ఈ ఓపిక కొత్తేం కాదు, కాకపోతే ఆలాపనలో రాగం ఏమిటో మనకు తెలుస్తూ ఉంటుంది, ఇక్కడ ఎటు తీసుకెళ్తున్నారో తెలియదు. అప్పుడు గిటార్ ఒక్క దెబ్బ వేస్తుంది, డ్రమ్స్ నెమ్మదిగా నడక అందుకుంటాయి. ఆ మీదట హార్మోనికా. దాన్ని యాంప్లిఫయర్‌లోంచి పంపి బొంగురుగా, గాయపడ్డట్టు చేశారు. మొదటిసారి విన్నప్పుడు అది హార్మోనికా అని నమ్మబుద్ధి కాదు.

ఆ పాట ‘ఈడెన్’లోకి, అది ‘డిజైర్’లోకి మధ్యలో ఆగకుండా జారిపోతాయి. మూడూ కలిపి ఒకే ప్రయాణంగా వినాలి. ‘డిజైర్’లో హోలిస్ గొంతు దాదాపు గుసగుసలా ఉండి, ఉన్నట్టుండి డ్రమ్స్, గిటార్లు విరుచుకుపడతాయి. సౌండ్ పెంచి పెట్టుకుని ఉంటారు కదా, ఉలిక్కిపడతారు. మళ్ళీ అంతా సద్దుమణుగుతుంది. రాక్ సంగీతంలో నిశ్శబ్దానికీ హోరుకీ మధ్య ఇంత దూరం పెట్టే ధైర్యం ఆ రోజుల్లో చాలా తక్కువమందికి ఉంది.

‘ఇన్‌హెరిటెన్స్’ విషయంలో నాకు కొంచెం అసంతృప్తి ఉంది. మధ్యలో ఓబో, క్లారినెట్ లాంటి గాలి వాద్యాలు వచ్చే భాగం విడిగా చాలా బాగుంటుంది, కానీ పాటకి తెచ్చి అతికించినట్టు అనిపిస్తుంది. మిగతా ఆల్బమ్‌లో కనిపించని అతుకు ఇక్కడ కనిపిస్తుంది.

‘ఐ బిలీవ్ ఇన్ యూ’ మాత్రం... ఇది హెరాయిన్ గురించిన పాట. హోలిస్ అన్న ఎడ్ కూడా సంగీత రంగంలో ఉన్నవాడే, ఆ వ్యసనంలో చిక్కుకుని, ఈ ఆల్బమ్ వచ్చాక ఎంతో కాలం బతకలేదు. పాటలో కోపం లేదు, నీతిబోధ లేదు. డ్రమ్స్ ఒకే నడకలో వెళ్తూ ఉంటాయి, చెమ్స్‌ఫర్డ్ కెథెడ్రల్ గాయక బృందం గొంతులు పైనుంచి దిగుతాయి. మాటలు సగం అర్థం కావు, హోలిస్ పలుకు అలాంటిది. అయినా గుండె పట్టేస్తుంది. చివరి పాట ‘వెల్త్’ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఆర్గన్, పియానో, ఒక ప్రార్థన. వినండి.

ఇక ఇది బయటికి వచ్చాక ఏమైంది? బ్రిటన్ చార్టుల్లో 19వ స్థానం దాకా వెళ్ళింది, అక్కడి నుంచి జారిపోయింది. మెచ్చుకున్న విమర్శకులు ఉన్నారు, తల పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. రేడియోలో వేయడానికి ఒక్క పాట లేదు. ‘ఐ బిలీవ్ ఇన్ యూ’ని కత్తిరించి సింగిల్‌గా, అంటే విడి పాటగా వదిలారు, ఆ ముక్కలో ఈ సంగీతం ప్రాణమే పోయింది. స్టేజి మీద దీన్ని మళ్ళీ పుట్టించలేమని హోలిస్ టూర్‌కి ఒప్పుకోలేదు. నాకైతే ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది.

తర్వాత కాంట్రాక్టు గొడవ కోర్టుకెక్కింది. ఆల్బమ్ వ్యాపారానికి పనికొచ్చేలా లేదని కంపెనీ వాదించింది, అది నిలబడలేదు. బ్యాండ్ బయటపడింది. ఆ తర్వాత ఈఎంఐ పాత హిట్లతో 1990లో ఒక సంకలనం వేస్తే అది బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఆ ఊపులో 1991లో పాటలను రీమిక్స్ చేసి, బ్యాండ్‌ని అడగకుండా ఇంకో ఆల్బమ్ వదిలారు. దాని మీద హోలిస్ వాళ్ళు కేసు వేసి గెలిచారు. పాటలో ఒక్క స్వరం ఎక్కడుండాలో నెలలు ఆలోచించే మనిషికి, ఇంకెవరో వచ్చి బీట్లు వేసిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆల్బమ్ పేరు పైకి రావడానికి ఏళ్ళు పట్టింది. 1990ల మధ్యలో పోస్ట్-రాక్ (రాక్ వాద్యాలతోనే, మామూలు రాక్ పాట పద్ధతి వదిలేసి చేసే సంగీతం) అనే మాట వాడుకలోకి వచ్చాక, దానికి మూలం వెతుకుతూ వెనక్కి వెళ్ళినవాళ్ళందరికీ ఇదీ, 1991లో వచ్చిన ‘లాఫింగ్ స్టాక్’ దొరికాయి. ఎల్బో బ్యాండ్ గాయకుడు గై గార్వీ తన అభిమానాన్ని ఎన్నడూ దాచుకోలేదు. హోలిస్ మాత్రం 1998లో తన పేరుతో ఒకే ఒక ఆల్బమ్ చేసి, సంగీత రంగం నుంచి తప్పుకుని ఇంటి మనిషిగా ఉండిపోయాడు. 2019 ఫిబ్రవరిలో 64 ఏళ్ళకి కన్నుమూశాడు. ఆ రోజు వచ్చిన నివాళులు చూస్తే, 1988లో అమ్ముడుపోలేదన్న ఈ ఆల్బమ్ ఎంతమంది సంగీతకారుల ఇళ్ళల్లోకి చేరిందో తెలిసింది.

ఫోన్ స్పీకర్‌లో వినకండి. ట్రాఫిక్‌లో, బస్సులో కూడా వద్దు, మొదటి రెండు నిమిషాలు మీకు అసలు వినిపించవు. రాత్రి ఇంట్లో సద్దుమణిగాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, షఫుల్ ఆపేసి, మొదటి మూడు పాటలూ వరసగా వినండి. కవర్ మీద జేమ్స్ మార్ష్ వేసిన బొమ్మ, నీళ్ళలోంచి లేచిన చెట్టు, దాని నిండా గవ్వలు, పక్షులు, అది కూడా తీరిగ్గా చూడండి. విన్నాక ‘డిజైర్’ దగ్గర మీకేమనిపించిందో కామెంట్లలో రాయండి, నేను ప్రతిదీ చదువుతాను. వచ్చే వీడియో ‘లాఫింగ్ స్టాక్’ మీద.