అవసరమైందే అడిగే ఫారం: జెన్‌డెస్క్‌లో కండిషనల్ ఫీల్డ్స్ పెట్టడం ఎలా?

[స్క్రీన్ మీద: ఫోన్‌లో పొడవాటి కంప్లైంట్ ఫారం. వేలు కిందికి జరుపుతూనే ఉంది, ఫారం అయిపోవట్లేదు.]

నమస్తే. ఈ ఫారం ఒకసారి చూడండి. కూకట్‌పల్లిలో ఒకరింట్లో నెట్ పోయిందనుకుందాం. మొబైల్ డేటా ఆన్ చేసి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సపోర్ట్ పేజీ తెరిచారు. అకౌంట్ నంబర్ అడిగారు, సరే. ఆ తర్వాత కొత్త అడ్రస్ ఏంటట, డబ్బులు ఎప్పుడు కట్టారట, రీఫండ్ ఏ ఖాతాకి వేయాలట! నెట్ రావట్లేదని చెప్పడానికి వచ్చిన మనిషికి వీటితో ఏం పని? ఎర్ర స్టార్ పెట్టారు కాబట్టి ఏదో ఒకటి కొట్టేస్తారు. నాలుగు చుక్కలో, సున్నాలో. ఓపిక లేనివాళ్లు ఫారం మూసేసి ఫోన్ చేస్తారు. ఎలా చూసినా ఆ టికెట్, అంటే నమోదైన ఆ కంప్లైంట్, తీసుకున్న సపోర్ట్ ఏజెంట్ మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే.

దీన్ని సరిచేసేవే కండిషనల్ ఫీల్డ్స్. ఫీల్డ్ అంటే ఫారంలో జవాబు నింపే ఒక్కో గడి. కస్టమర్ ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కనిపిస్తుంది, లేకపోతే కనిపించదు. ఇవాళ కస్టమర్ కంప్లైంట్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ జెన్‌డెస్క్‌లో చేసి చూపిస్తాను.

[స్క్రీన్ మీద: తెల్ల కాగితం, పెన్ను.]

ముందు కాగితం తీయండి. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నవాళ్లకైనా, హైటెక్ సిటీలో ఇప్పటికే అడ్మిన్‌గా చేస్తున్నవాళ్లకైనా ఈ మాట గట్టిగా చెప్తాను. సెట్టింగ్ అరగంట పని. ఏం అడగాలో తేల్చుకోవడమే అసలు పని. ప్రతి ప్రశ్న పక్కన ఒక మాట రాయండి: ఈ జవాబు చూసి ఎవరు, ఏం చేస్తారు? రాయడానికి ఏమీ తోచకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. రిపోర్టులో బాగుంటుందని, మేనేజర్ ఎప్పుడో అడిగారని ఫీల్డ్ పెట్టొద్దు. నింపేది కస్టమర్, అదీ చిరాకులో ఉన్నప్పుడు.

మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి మొదటి ప్రశ్న ఒక్కటే: ‘మీ సమస్య ఏంటి?’ డ్రాప్‌డౌన్‌లో ఐదు ఆప్షన్లు పెడదాం. నెట్ అసలు రావట్లేదు. స్పీడ్ తక్కువగా ఉంది. డబ్బులు కట్టాను, రీఛార్జ్ అవ్వలేదు. ఇల్లు మారుతున్నాం. వేరే సమస్య. కస్టమర్ నోట్లోంచి వచ్చే మాటల్లాగే పెట్టాను చూడండి. ‘సర్వీస్ అవుటేజ్’ అని పెడితే ఆఫీసులో అందరికీ తెలుస్తుంది, ఇంట్లో కూర్చున్న పెద్దాయనకి తెలియదు.

[స్క్రీన్ మీద: ఫైబర్ మోడెమ్ ముందు భాగం, లైట్లు దగ్గరగా.]

‘నెట్ అసలు రావట్లేదు’ ఎంచుకుంటే ఏం అడగాలి? ఒకే ఒక్క ప్రశ్న: ‘మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైట్ ఎర్రగా వెలుగుతోందా?’ ఆ లైట్ ఎర్రగా కొట్టుకుంటోందంటే ఫైబర్‌లోంచి సిగ్నల్ మోడెమ్ దాకా రావట్లేదని అర్థం. ఎక్కడో తీగ తెగి ఉండొచ్చు, బాగా వంగి ఉండొచ్చు, వెనకాల కనెక్టర్ వదులైపోయి ఉండొచ్చు. మన నగరంలో కేబుళ్లు స్తంభం నుంచి స్తంభానికి ఎలా వేలాడుతుంటాయో మీకు తెలుసు. గాలివాన వచ్చినా, రోడ్డు తవ్వినా తెగుతాయి. అక్కడికి మనిషి వెళ్లాల్సిందే, ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడినా లాభం లేదు. ఎర్ర లైట్ లేకపోతే మాత్రం సమస్య వైఫై సెట్టింగ్‌లోనో, అకౌంట్‌లోనో ఉండొచ్చు. అది ఏజెంట్ కూర్చున్నచోటి నుంచే చూడొచ్చు. ఒక్క జవాబుతో టికెట్ ఇంటికెళ్లి రిపేర్ చేసే టీమ్‌కి వెళ్లాలా, ఆఫీసులోనే ఉండాలా అన్నది తేలిపోయింది. నా దృష్టిలో మంచి ప్రశ్న అంటే ఇదీ.

ఎర్ర లైట్ అన్నవాళ్లని ఇంకొక్కటి అడుగుదాం: ‘మనిషిని ఏ టైమ్‌కి పంపమంటారు?’ ఈ ప్రశ్న మిగతావాళ్లకి కనిపించనక్కర్లేదు.

డబ్బులు కట్టి రీఛార్జ్ అవ్వనివాళ్ల నుంచి యూపీఐ రిఫరెన్స్ నంబర్ (యూటీఆర్) కావాలి. అది 12 అంకెలు. మామూలు టెక్స్ట్ బాక్స్ కాకుండా రెజెక్స్ ఫీల్డ్, అంటే మనం చెప్పిన నమూనాలో ఉన్న జవాబునే తీసుకునే గడి, పెడితే సరిగ్గా 12 అంకెలు ఉంటేనే తీసుకుంటుంది. ఇల్లు మారేవాళ్లకి కొత్త అడ్రస్, పిన్‌కోడ్ చాలు. పిన్‌కోడ్‌ని బట్టి 500072 కూకట్‌పల్లి వైపు, 500032 గచ్చిబౌలి వైపు అని టీమ్‌లు పంచుకోవచ్చు.

[స్క్రీన్ మీద: అడ్మిన్ సెంటర్ తెరుచుకుంటోంది.]

ఇప్పుడు జెన్‌డెస్క్. అడ్మిన్ సెంటర్‌లో ఆబ్జెక్ట్స్ అండ్ రూల్స్, అందులో టికెట్స్ కింద ఫీల్డ్స్. కాగితం మీద రాసుకున్న ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక్కొక్కటిగా తయారుచేయండి. కండిషన్‌కి ఆధారమయ్యే ప్రశ్న డ్రాప్‌డౌనో, చెక్‌బాక్సో అయితే మంచిది. కస్టమర్ ఇష్టమొచ్చినట్టు టైప్ చేసే టెక్స్ట్ బాక్స్ దానికి పనికిరాదు.

డ్రాప్‌డౌన్‌లో ప్రతి ఆప్షన్‌కి ఒక ట్యాగ్, అంటే టికెట్‌కి తగిలించే గుర్తు పదం, ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. టికెట్‌ని ఏ టీమ్‌కి పంపాలో ట్రిగ్గర్ (టికెట్ రాగానే దానంతటదే నడిచే రూల్) తేల్చేది చాలాసార్లు ఈ ట్యాగ్ చూసే. కనిపించే పేరు రేపు మార్చుకున్నా ట్యాగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. మార్చారో, పాత ట్యాగ్ కోసం చూసే ట్రిగ్గర్ కొత్త టికెట్లని పట్టించుకోదు.

ఫీల్డ్ పర్మిషన్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. కస్టమర్ నింపాల్సిన ఫీల్డ్‌కి ‘కస్టమర్స్ కెన్ ఎడిట్’ ఇచ్చి తీరాలి. ‘కండిషన్ అంతా సరిగ్గానే పెట్టాను, అయినా కస్టమర్‌కి కనిపించట్లేదు’ అంటే మొదట చూడాల్సింది ఇదే.

తర్వాత ఫారమ్స్‌లోకి వెళ్లి మీ ఫారం తెరవండి. దాచాల్సిన ఫీల్డ్‌లతో సహా అన్నిటినీ ఫారంలోకి లాగి పెట్టండి. ఫారంలో లేనిదాన్ని కండిషన్ చూపించలేదు. ఇప్పుడు కండిషన్స్ తెరిచి, ‘మీ సమస్య ఏంటి?’ ఎంచుకుని, విలువ ‘నెట్ అసలు రావట్లేదు’, చూపించాల్సింది ‘ఎల్‌ఓఎస్ లైట్’ అని పెట్టండి. తప్పనిసరా కాదా అని అక్కడే అడుగుతుంది, తేల్చేయండి. సేవ్. తర్వాత ఎల్‌ఓఎస్ లైట్‌ని ఆధారంగా తీసుకుని, ‘అవును’ అంటే టైమ్ ప్రశ్న. ఇలా ఒకదాని కింద ఒకటి పేర్చొచ్చు కానీ, రెండు మెట్లు దాటితే అసలు అన్ని ప్రశ్నలు అవసరమా అని కాగితం మళ్లీ చూసుకోండి.

[స్క్రీన్ మీద: ఏజెంట్స్, ఎండ్ యూజర్స్ అని రెండు భాగాలు.]

ఇక్కడే చాలామంది తికమకపడతారు. కస్టమర్‌కి, అంటే ఎండ్ యూజర్‌కి, కండిషన్లు వేరు, ఏజెంట్‌కి వేరు. ఒకవైపు పెట్టినవి రెండోవైపు వాటంతటవే రావు. ఇలా ఉండటమే మంచిది. టికెట్ మూసేటప్పుడు ఏజెంట్ ‘అసలు కారణం ఏంటి’ అన్నది నింపాలనుకోండి, అది కస్టమర్‌కి చూపించే విషయమే కాదు. ఏజెంట్ వైపు ఆ ఫీల్డ్‌ని ‘సాల్వ్‌డ్’ స్టేటస్‌లో మాత్రమే తప్పనిసరి చేయొచ్చు. టికెట్ తెరిచిన నిమిషానికే కారణం రాయమంటే ఏజెంట్ మాత్రం ఏం రాస్తాడు పాపం? పని చేశాకే కదా తెలిసేది.

జెన్‌డెస్క్ బదులు ఫ్రెష్‌డెస్క్ వాడేవాళ్లు టికెట్ ఫీల్డ్స్‌లో డైనమిక్ సెక్షన్స్ చూడండి. మూడంచెల డ్రాప్‌డౌన్ కావాలంటే డిపెండెంట్ ఫీల్డ్ ఉంది. జోహో డెస్క్‌లో ఇదే పనికి లేఅవుట్ రూల్స్ ఉన్నాయి. పేర్లు వేరు, కాగితం మీద పని మాత్రం మారదు.

[స్క్రీన్ మీద: ఇన్‌కాగ్నిటో విండో, పక్కనే ఫోన్.]

పరీక్షించేటప్పుడు అడ్మిన్ లాగిన్‌తో చూసి సరిపెట్టుకోకండి. ఇన్‌కాగ్నిటోలో కస్టమర్‌లా ఫారం తెరవండి, ఫోన్‌లో కూడా చూడండి. ప్రతి ఆప్షన్‌తో ఒక టికెట్ పంపండి. మధ్యలో మనసు మార్చుకునే కస్టమర్‌లా కూడా చేయండి: ముందు ‘నెట్ రావట్లేదు’ ఎంచుకుని అన్నీ నింపి, అప్పుడు ‘ఇల్లు మారుతున్నాం’కి మార్చి పంపండి. టికెట్‌లో ఏం చేరింది, ఏ టీమ్‌కి వెళ్లింది అన్నది ఏజెంట్ స్క్రీన్‌లో చూసుకోండి.

ఈమెయిల్‌లో వచ్చే టికెట్లని మర్చిపోవద్దు. మెయిల్ రాసినవాళ్లు ఈ ఫారం చూడరు, కాబట్టి ఆ ఫీల్డ్‌లన్నీ ఖాళీగా వస్తాయి. సపోర్ట్ మెయిల్‌కి వెళ్లే ఆటోమేటిక్ జవాబులో ఎల్‌ఓఎస్ లైట్ ప్రశ్న ఒక లైనులో పెట్టండి. జవాబు రాగానే ఏజెంట్ డ్రాప్‌డౌన్ నింపుతారు, ఏజెంట్ వైపు కండిషన్లు అప్పుడు పనిచేస్తాయి.

ఫారం నడవడం మొదలయ్యాక నెలకోసారి ‘వేరే సమస్య’ కింద వచ్చిన టికెట్లు తెరిచి, కస్టమర్లు రాసింది రాసినట్టు చదవండి. ‘మోడెమ్ కాలిపోయింది’ అని పదేపదే కనిపిస్తోందంటే ఆరో ఆప్షన్ ఏంటో వాళ్లే చెప్పేశారు. వాళ్ల మాటల్లోనే దాన్ని డ్రాప్‌డౌన్‌లో చేర్చండి.