వెనుక నుంచి కాల్పులు: అంతర్యుద్ధంలో సైనికుడు, ఇంటి దగ్గరి అసమ్మతి

సభకు నమస్కారం.

ఈ రోజు నేను అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన మామూలు సైనికుడి గురించి మాట్లాడతాను. దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం ఎదుట ఉన్నా, దానికంటే ఇంటి దగ్గర ఉన్న సొంత ఊరివాళ్ల మీద అతనికి కొన్నిసార్లు ఎక్కువ కోపం వచ్చింది. ‘వెనుక నుంచి కాల్పులు’ అనే మాట ఆ రోజుల్లో శిబిరాల్లో బాగా నలిగింది. అధ్యక్షుడు లింకన్ కూడా అదే మాట వాడాడు. ఆ కోపాన్ని మనం అర్థం చేసుకోవాలి. అలాగని దానికి పూర్తిగా తలవంచకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయడం కష్టమే. అయినా చేయక తప్పదని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు అతని పరిస్థితి చూద్దాం. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఉత్తరాది సైన్యం రాతిగోడ వెనుక దాక్కున్న శత్రువు మీదికి అలలు అలలుగా వెళ్లింది. మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి 12,000 మందికి పైగా నష్టపోయింది. సైనికుడి జీతం నెలకు 13 డాలర్లు. అది కూడా నెలల తరబడి చేతికందదు. ఆ చలికాలంలో అతనికి ఇంటితో మిగిలిన బంధం ఉత్తరాలు, పత్రికలు. ఆ సైన్యంలో అత్యధికులు చదవను రాయను వచ్చినవాళ్లు, పైగా వాళ్ల ఉత్తరాలను సెన్సారు చేసేవాళ్లు లేరు. ఊరి పత్రిక ఒక్కటి వస్తే చాలు, మడతల దగ్గర చిరిగిపోయేదాకా డేరా నుంచి డేరాకు తిరిగేది. అందులో ఏముంది? యుద్ధం ఆపండి, దక్షిణాదితో రాజీపడండి అంటూ తన జిల్లాలోనే జరిగిన సభల వార్తలు. అలా అన్నవాళ్లను ప్రత్యర్థులు ‘కాపర్‌హెడ్’ అనే విషసర్పం పేరుతో పిలిచారు. వాళ్లలో కొందరు రాగి నాణెం మీద ఉన్న స్వేచ్ఛాదేవత తలను కత్తిరించి కోటుకు బ్యాడ్జీగా పెట్టుకున్నారు.

వాళ్లు లేవనెత్తిన ప్రశ్నలన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. ప్రభుత్వం హెబియస్ కార్పస్ హక్కును, అంటే నిర్బంధించినవాణ్ణి న్యాయస్థానం ముందుకు తెమ్మని అడిగే హక్కును, నిలిపివేసింది. 1863 మార్చి చట్టం నిర్బంధ సైనిక సేవను తెచ్చి, 300 డాలర్లు కట్టినవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. కూలివాడికి అది దాదాపు ఏడాది సంపాదన. ‘డబ్బున్నవాడి యుద్ధం, పేదవాడి పోరాటం’ అన్నవాళ్ల నోరు ఎలా మూయిస్తాం? కానీ ఆ గొంతుల్లో బానిసత్వం కొనసాగినా ఫరవాలేదన్న ధోరణి, నల్లజాతివారి మీద పచ్చి ద్వేషం కూడా కలిసి ఉన్నాయి. ఆ సంగతి దాచితే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. సైనికుడు కూడా రాత్రి డేరాలో ఇవే మాటలు అన్నాడు. సేనాపతులను తిట్టాడు, వాషింగ్టన్‌లోని ప్రభుత్వాన్ని తిట్టాడు. 1863 జనవరి 1న దక్షిణాది బానిసలకు స్వేచ్ఛ ఇస్తూ లింకన్ విముక్తి ప్రకటన వెలువడినప్పుడు, మేం వచ్చింది దేశం ముక్కలు కాకుండా చూడటానికి, నల్లవాళ్ల కోసం కాదని ఇంటికి రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. అసంతృప్తి ముదిరిన 109వ ఇల్లినాయ్ రెజిమెంటును ఆ ఏడాదే రద్దు చేయవలసి వచ్చింది. అంటే విమర్శ అతనికి కొత్తది కాదు. అతను భరించలేకపోయింది వేరే. పక్కన పడుకున్న స్నేహితుణ్ణి నిన్న పూడ్చిపెట్టి వచ్చాడు. ఆ చావు ఎందుకూ కొరగానిదని ఇంట్లో చలి కాచుకుంటూ ఒకడు అనడం అతనికి మింగుడుపడలేదు. వచ్చేయ్, నిన్ను మేం దాస్తాం అనే ఉత్తరాలు వచ్చినప్పుడు అతని కోపం రెట్టింపయింది. ఆ ఉత్తరం నమ్మి పారిపోయి పట్టుబడినవాడికి తుపాకుల ముందు నిలబడే గతి పట్టవచ్చు. రాసినవాడికి ఏమీ కాదు. 1863 జూన్‌లో రాసిన ఒక బహిరంగ లేఖలో లింకన్ ఈ ప్రశ్నే అడిగాడు: పారిపోయిన అమాయక సైనికుణ్ణి నేను కాల్చాలి, వాణ్ణి పురికొల్పిన జిత్తులమారి వెంట్రుకైనా తాకకూడదా?

బలమైన ప్రశ్న. అయినా దానికి లింకన్ ప్రభుత్వం ఇచ్చిన జవాబుతో నేను ఏకీభవించను. ఒహాయో రాష్ట్రానికి చెందిన కాపర్‌హెడ్ నాయకుడు క్లెమెంట్ వలాండిగమ్‌ను యుద్ధాన్ని విమర్శిస్తూ ఒక ప్రసంగం చేసినందుకు 1863 మేలో ఉత్తరాది సేనాపతి జనరల్ బర్న్‌సైడ్ మనుషులు రాత్రిపూట తలుపులు బద్దలుకొట్టి పట్టుకెళ్లారు. సైనిక విచారణ జరిపి శిక్ష వేశారు. లింకన్ దాన్ని మార్చి అతన్ని దక్షిణాదికి తరిమేశాడు. ఫలితం? ఆ మనిషి కెనడా చేరుకుని, అక్కడి నుంచే ఒహాయో గవర్నరు పదవికి లింకన్‌కు ప్రతిపక్షమైన డెమోక్రాట్ల అభ్యర్థిగా పోటీ చేశాడు. అరెస్టు అతన్ని వీరుణ్ణి చేసింది. పౌర న్యాయస్థానాలు పనిచేస్తున్న చోట పౌరులను సైనిక విచారణకు గురిచేయరాదని సుప్రీంకోర్టు 1866లో మిల్లిగన్ కేసులో తేల్చింది. అప్పటికి యుద్ధం ముగిసిపోయింది.

సైనికులు తమంతట తాము దిగిన చోట్ల ఇంకా ఘోరం. 1863 మార్చిలో ఒహాయోలోని కొలంబస్‌లో యుద్ధ వ్యతిరేక పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లోని చార్లెస్టన్‌లో సెలవు మీద వచ్చిన సైనికులకూ కాపర్‌హెడ్లకూ మధ్య కాల్పులు జరిగి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఆరుగురు సైనికులే.

అసలు అసమ్మతి అంతా వెనుక నుంచే వచ్చిందనుకోవడం కూడా పొరపాటు. 1863 జూలైలో న్యూయార్క్‌లో నిర్బంధ సేవకు వ్యతిరేకంగా మొదలైన అల్లర్లు నల్లజాతివారి మీద హత్యాకాండగా మారాయి. వాళ్ల పిల్లల అనాథాశ్రమాన్ని తగలబెట్టారు. అల్లర్లు చల్లారిన రెండు రోజులకే, జూలై 18న, నల్లజాతి సైనికులతో కూడిన 54వ మసాచుసెట్స్ రెజిమెంటు దక్షిణాది కోట ఫోర్ట్ వాగ్నర్ మీదికి దూకింది. వాళ్లకు జీతం 10 డాలర్లు, అందులో దుస్తులకు 3 కోత. సమాన జీతం ఇచ్చేదాకా వద్దంటూ వాళ్లు ఏడాదికి పైగా జీతమే తీసుకోలేదు, పోరాటం మాత్రం ఆపలేదు. దక్షిణ కరోలైనా నల్లజాతి రెజిమెంటులో సార్జెంట్ విలియం వాకర్ ఇదే అన్యాయానికి నిరసనగా తన వాళ్లతో ఆయుధాలు కింద పెట్టించాడు. 1864లో అతన్ని తిరుగుబాటు నేరం కింద కాల్చి చంపారు. కొన్ని నెలలకే, జూన్‌లో, కాంగ్రెసు సమాన జీతానికి ఒప్పుకుంది. వాకర్ అడిగింది న్యాయమేనని చట్టమే చెప్పింది. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

సైనికుడి చేతికి దొరికిన సరైన ఆయుధం ఓటు. 1863 అక్టోబరులో ఒహాయో సైనికులు శిబిరాల్లోనే ఓటేశారు. వలాండిగమ్‌కు 2,300 లోపు, అతని ప్రత్యర్థి బ్రోకు 41,000కు పైగా వచ్చాయి. 1864లో డెమోక్రాట్లు యుద్ధం విఫలమైందని తీర్మానించి, సైనికులు ఎంతో ప్రేమించిన మాజీ సేనాపతి మెక్‌క్లెలన్‌ను లింకన్ మీద నిలబెట్టారు. ఆ తీర్మానాన్ని మెక్‌క్లెలన్ స్వయంగా తోసిపుచ్చినా లాభం లేకపోయింది. ఇండియానాలో శిబిరం నుంచి ఓటేసే వీలు లేకపోవడంతో అక్కడివారిని వేల సంఖ్యలో సెలవు మీద ఇంటికి పంపారు. విడిగా లెక్కించిన సైనికుల ఓట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా లింకన్‌కే పడ్డాయి. మిగిలిన ఓట్లు మెక్‌క్లెలన్‌కు వేసినవారు కూడా అదే యూనిఫాంలో, శత్రువుకు ఎదురుగా అదే పీటర్స్‌బర్గ్ కందకాల్లో కాపలా కాశారు. వాళ్లను ద్రోహులనడానికి పక్కనున్న తోటి సైనికుడికి నోరు రాలేదంటే నేను ఆశ్చర్యపోను.