కాఫీతో రీలు కడగొచ్చు, హైపో మాత్రం కొనాల్సిందే

అందరికీ నమస్కారమండీ. కాఫీతో కెమెరా ఫిల్మ్ రీలు కడగడమేంటని, అంటే తీసిన ఫోటోలు దాని మీద కనపడేలా చేయడమేంటని, వచ్చేటప్పుడే ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇది భీమవరంలో పుట్టిన విద్య కాదు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్, ఆయన విద్యార్థులు చేసి చూపించారు. దీన్ని కెఫినాల్ అంటారు. పేరు అలా ఉంది గానీ పని చేసేది కెఫీన్ కాదు, కాఫీలో ఉండే కెఫిక్ ఆమ్లం, ఆ కుటుంబానికే చెందిన మరికొన్ని ఆమ్లాలు. రీలు మీది పూతలో వెలుతురు తగిలిన సిల్వర్ బ్రోమైడ్ (వెండి లవణం) రేణువుల్ని నల్లటి వెండిగా మార్చేది అవే.

అవి పని చేయాలంటే నీళ్లలో క్షారం గట్టిగా ఉండాలి. అందుకే చాకలి సోడా. వంట సోడా చాలదు. కానీ దాన్నే మూకుట్లో పోసి బాగా వేయిస్తే ఆవిరి, గ్యాసు పోయి చాకలి సోడా అవుతుంది. అర లీటరు నీళ్లకి పొడి సోడా 27 గ్రాములు, విటమిన్ సి పొడి 8, ఇన్‌స్టంట్ కాఫీ 20. గాజు పలుకుల్లా మెరిసే సోడా తెస్తే జాగ్రత్త, అందులో సగానికి పైగా నీరే. 73 గ్రాముల దాకా వేయాలి. విటమిన్ సి కోసం చప్పరించే నారింజ బిళ్ళలు వద్దు, వాటిలో పంచదార ఉంటుంది.

మన షాపుల్లో ఉండే ఇన్‌స్టంట్ పొడుల్లో చాలావాటిలో చికోరీ కలుపుతారు. ప్యాకెట్ వెనక చదివి, చికోరీ లేనిది, అందులోనూ చవకది కొనండి. చవక కాఫీలో రోబస్టా రకం గింజలు ఎక్కువ, రోబస్టాలో మనకి కావలసిన ఆమ్లాలు ఎక్కువ. అరకు అరబికా తాగడానికి ఉంచుకోండి. ఇక వాసన సంగతి. సోడా, కాఫీ కలిసిన ఆ కంపుకి ఇంట్లోవాళ్లు తలుపు తీసేస్తారేమో, వెలుతురు రాకూడని డార్క్‌రూమ్‌కి అసలు టెన్షన్ అదే.

ఈ కాఫీ నీళ్లే మన డెవలపర్. ఇందులో రీలుకి 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు పడుతుంది. మే నెలలో మన ట్యాంకు నీళ్లు 30 దాటేస్తాయి. రొయ్యలున్న ఊళ్లో ఐసుకేం కరువండీ! ఐసు మాత్రం గిన్నె చుట్టూ పెట్టాలి, డెవలపర్‌లో వేస్తే పల్చబడిపోతుంది. కడిగే నీళ్లూ అదే చల్లదనంలో ఉండాలి, లేకపోతే రీలు మీది జిలాటిన్ పొర ముడతలు పడుతుంది. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడిగితే చాలు, డెవలపర్ పని ఆపడానికి నిమ్మ ఉప్పు తప్పనిసరేమీ కాదు.

అసలు చిక్కు ఫిక్సింగ్‌లో, అంటే మిగిలిపోయిన వెండి లవణాల్ని రీలు మీంచి తీసేయడంలో. ఉప్పునీళ్లతో సరిపెట్టుకోవచ్చని చెప్పేవాళ్లున్నారు. ఫోటోగ్రఫీ తొలినాళ్లలో దానికి ఆద్యుల్లో ఒకడైన ఇంగ్లండు టాల్బట్ అలాగే చేశాడు, నిజమే. కానీ దానికి గంటలు కాదు, రోజులు పడుతుంది, అప్పటికీ నమ్మకం లేదు. హైపో అనే ఉప్పు వెండి లవణాల్ని కరిగిస్తుందని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, 1839లో ఫోటోలకి పనికొచ్చింది. నా మాట వింటే ఇక్కడ వంటింటి పిసినారితనం వద్దు. మనవాళ్లకి హైపో దూరమేమీ కాదు, ఆక్వా మందుల షాపులో అడగండి. చెరువులో బ్లీచింగ్ వేశాక మిగిలిన క్లోరిన్ విరగడానికి రైతులు చల్లే సోడియం థయోసల్ఫేటే ఇది.

లీటరుకి 250 గ్రాములు. గోరువెచ్చని నీళ్లలో కలపండి, ఎందుకంటే ఈ పలుకులు కరుగుతూ నీళ్లలోని వేడిని లాగేస్తాయి. గాజు గ్లాసు చేతిలో ఉండగానే చల్లబడిపోతుంది. ముందు రీలు మొదటి ముక్క కత్తిరించి అందులో వేయండి. పాల రంగు పోయి గాజులా తేటగా అవడానికి మూడు నిమిషాలు పడితే, అసలు రీలుని ఆరు నిమిషాలు ఉంచాలి.

వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, అది చేపలకి విషం. పక్కనే కాలవ ఉంది కదా అని పారబోయకండి. ప్లాస్టిక్ డబ్బాలో పోసి అంట్లు తోమే ఉక్కు పీచు పడేయండి, సబ్బు పట్టించనిది. కొన్నాళ్లకి ఇనుము కరిగి వెండి నల్లటి మడ్డిలా అడుగున దిగుతుంది. ఈ గిన్నెలూ గరిటెలూ మళ్లీ వంటకి వాడొద్దు.