ఆఖరి రాయి ఎవరి చేతిలో ఉంది?

సభలోని పెద్దలకు, తోటి పీఈటీ మిత్రులకు, పిల్లలకు నమస్కారం.

వరంగల్ గ్రౌండ్లలో కబడ్డీ, ఖోఖో ఆడించుకుంట రిటైరైనోణ్ని. నన్ను పిలిచి మంచు మీది ఆట గురించి మాట్లాడమన్నరంటే నిర్వాహకుల ధైర్యానికి మెచ్చుకోవాలె. చలికాలంల కెనడాల ఉన్న మా బిడ్డ దగ్గరికి కాల్గరీ పోయినప్పుడు, గ్యాలరీల కూసొని కర్లింగ్ మ్యాచ్ చూసిన. కొత్తగా చూసేటోళ్లకు ఎక్కడ కన్నుపెట్టాల్నో తెల్వకపోతే పావుగంటల నిద్రొస్తది. తెలిస్తే లేవబుద్ధి కాదు. ఆ ముచ్చటే చెప్త.

ముందు ఆట సంగతి గబగబ చెప్పేస్త. 45 మీటర్ల పైచిలుకు పొడుగు, 5 మీటర్లకు మించని వెడల్పు ఉన్న మంచు పట్టీ మీద ఆడుతరు. రెండు కొసలకు పెద్ద గుండ్రాలు గీసి ఉంటయి, అడ్డంగ కొలిస్తే 12 అడుగులు. దాన్ని హౌస్ అంటరు. జట్టుకు నలుగురు, ఒక్కొక్కరికి రెండు రాళ్లు. ఈ కొస నుంచి రాయిని మంచు మీద జార్చి ఆ కొస హౌస్‌ల ఆపాలె. రెండు జట్లవి కలిపి 16 రాళ్లు వదిలితే ఒక ఎండ్ అయినట్టు. పెద్ద పోటీలల్ల పది ఎండ్లు. ఎండ్ ముగిసినంక నడిమధ్యకు ఎవరి రాయి అన్నిటికన్న దగ్గరుంటే పాయింట్లు వాళ్లకే, అవతలోళ్లకు సున్నా. ఎదుటి జట్టు దగ్గరి రాయికన్న లోపల మనవి ఎన్నుంటే అన్ని పాయింట్లు.

అంటే పదహారో రాయి ఆగేదాక లెక్క తేలది. పదిహేను రాళ్లతోని కట్టిన ఎత్తుగడ ఒక్క దెబ్బకు చెదిరిపోవచ్చు. ఆ ఆఖరి రాయిని హ్యామర్ అంటరు. పాయింట్ కొట్టిన జట్టు తర్వాతి ఎండ్‌కు హ్యామర్‌ను అవతలోళ్లకు ఇయ్యాలె. ఎవ్వరికీ పాయింట్ రాకుంటే అది ఉన్నోళ్ల దగ్గర్నే ఉంటది.

ఆ మ్యాచ్‌ల ఒక ఎండ్ ఇట్ల నడిచింది. ఒకరి రాళ్లను ఒకరు కొట్టుకుంట పోయిండ్రు, హౌస్ మొత్తం ఖాళీ అయింది. ఆఖరి రాయి కెప్టెన్ చేతిల ఉంది. ఆయనను స్కిప్ అంటరు. మెల్లగ వదిలి నడుమల ఆపితే పాయింట్ ఖాయం. ఆయన ఏం చేసిండో తెలుసా? గట్టిగ వదిలి, హౌస్ దాటించి వెనకకు పారేసిండు. జనం చప్పట్లు కొట్టిండ్రు! పక్క సీట్ల పెద్దామె నా మొహం చూసి నవ్వి, ఓపికగ చెప్పింది. ఒక్క పాయింట్ కోసం హ్యామర్ వదులుకుంటే నష్టపు బేరమట. చేతిల ఉంచుకుంటే వచ్చే ఎండ్‌ల రెండు తీయొచ్చు. హ్యామర్ ఉంటే రెండు కొట్టాలె, లేకుంటే అవతలోళ్లను ఒక్కటికే కట్టెయ్యాలె. హ్యామర్ లేకుండ పాయింట్ గుంజుకుంటే ఇంకేం కావాలె!

ఆ సంగతి తెలిసినంక ఆటే మారిపోయింది. మొదటి రాళ్లను హౌస్ దాక పంపకుండ ముంగటనే ఎందుకు ఆపుతున్నరో అర్థమైంది. హ్యామర్ లేనోళ్లు నడిమి దారికి అడ్డం పెడుతున్నరు. ఉన్నోళ్లు నడుమ ఖాళీగ ఉంచుకొని పక్కలకు ఆడుతున్నరు. ఇంత ఎత్తుగడ చదరంగంల గూడ ఉంటది గాని, అక్కడ పావు మీరు పెట్టిన గడిలనే ఆగుతది.

ఇక్కడ రాయి చెయ్యి వదిలినంక గూడ పని ఉంటది. ఇద్దరు చీపుర్లు పట్టుకొని దాని ముంగట మంచును రుద్దుకుంట ఉరుకుతరు. రుద్దితే మంచు పైపొర కొంచెం వేడెక్కి రాపిడి తగ్గుతది, రాయి ఇంకింత దూరం, ఇంకింత తిన్నగ పోతది. అవతలి కొసల నిలబడ్డ స్కిప్ ‘హర్రీ! హార్డ్!’ అని గొంతు చించుకుంటడు. మన కబడ్డీ కోచ్‌లు నయం.

ఆ మంచు నున్నగ ఉండదు. పత్తి చేనుకు మందు కొట్టేటోని తీరుగ ఒకాయన వీపుకు డబ్బా తగిలించుకొని, వెనకకు నడుసుకుంట నీటి చుక్కలు చల్లుతడు. అవి గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెలైతయి. రాయి అడుగు లోపలికి గుంతగ ఉంటది, చుట్టూ ఉన్న సన్నటి అంచే బొడిపెలను తాకుతది. అందుకే అంత బరువు అంత సులువుగ జారుతది. రాయి బరువు దగ్గరదగ్గర 20 కిలోలు. పిడి పట్టుకొని లేపబోతే పీఈటీ నడుముకు గూడ తెలిసొస్తది.

రాయి మాటొచ్చింది గనుక, కరీంనగర్ నుంచి వచ్చినోళ్లు వినాలె. మీ గోధుమరంగు గ్రానైట్ ఓడలెక్కి దేశాలు పోతది గదా. ఈ ఆటకు మాత్రం స్కాట్లాండ్ పక్కన సముద్రంల ఉన్న ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి గ్రానైట్‌కు పెద్ద పేరు. అక్కడి బ్లూ హోన్ రకం నీళ్లు పీల్చదు. నీళ్లు పీల్చే రాయైతే లోపల గడ్డకట్టి పగులుతది. రాయికి రాయి గుద్దుకునే నడుము భాగానికి ఇంకో రకం, కామన్ గ్రీన్ వాడుతరు. ఒలింపిక్స్ రాళ్లు ఆ దీవివే. ఆట పుట్టింది గూడ స్కాట్లాండ్‌లనే. అక్కడ 1511 అని చెక్కిన పాత రాయి ఒకటి దొరికింది.

పీఈటీలకు ఇంకో మాట. చీపురు పొరపాటున రాయికి తాకితే, తాకించినోడే చెప్పుకోవాలె. అంపైర్ కోసం ఎదురుచూడరు. ఇగ గెలవలేమనుకుంటే ఎండ్లు మిగిలున్నా చేతులు కలిపి ఓటమి ఒప్పుకుంటరు. తర్వాత గెలిచినోళ్లు ఓడినోళ్లకు డ్రింక్ ఇప్పిస్తరు. ఈ ఆఖరిదాన్ని మన స్కూల్ టోర్నమెంట్లకు నేను సిఫారసు చేస్తలేను.

శీతాకాల ఒలింపిక్స్‌ల 1998 నుంచి కర్లింగ్ మెడల్ ఆటగ ఉంది. ఈసారి టీవీల వస్తే స్కోరు చూడకముందే హ్యామర్ ఎవరిదో చూడుండ్రి.

ఇగ ప్రశ్నలు అడుగుండ్రి. ఒక్కటి తప్ప. గ్లాసును బోర్లించి, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పి బల్ల మీద జారిస్తే ఎడమకు వంగుతది. ఈ రాయిని అట్లనే తిప్పి వదిలితే కుడికి వంగుతది. ఎందుకని మాత్రం నన్ను అడగకుండ్రి. దాని మీద సైంటిస్టులే ఇంకా కొట్లాడుతున్నరు.