పవర్ తగ్గించండి

అందరికీ నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, మన్నించాలి. కొత్త తరం వైఫై అయిన వైఫై 7 గురించి చెప్పమన్నారు, కానీ దాని బదులు ఒక హాస్టల్ వరండా గురించి చెప్పనివ్వండి.

అప్పట్లో నేను ఒక కాలేజీలో నెట్‌వర్క్ చూసేవాణ్ణి. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో రెండో అంతస్తు చివరి గదిలో ఒకమ్మాయికి కనెక్షన్ పోయింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆ గది గుమ్మం ఎదురుగానే, సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. లాప్‌టాప్ మాత్రం కింద మెస్‌లో ఉన్న డబ్బాని పట్టుకుని వదలట్లేదు, సిగ్నల్ మైనస్ 82 డీబీఎం, అంటే చాలా బలహీనం! పొద్దున మెస్‌లో కూర్చుని చదువుకుంటూ కలిపిందట, అంతే.

తప్పు నాదే. సిగ్నల్ లేదని పిల్లలు గోల చేసినప్పుడల్లా పవర్ పెంచుకుంటూ పోయాను. ఏ డబ్బా నుంచి ఏ డబ్బాకి మారాలో తేల్చుకునేది ఫోనో లాప్‌టాపో, మనం కాదు. 802.11వి లాంటి వైఫై ప్రమాణాలు ఫలానా డబ్బాకి మారమని సలహా ఇస్తాయి, వినడం వినకపోవడం దాని ఇష్టం. మెస్ డబ్బా గొంతు రెండో అంతస్తుదాకా వినపడుతుంటే లాప్‌టాప్ ఎందుకు మారుతుంది? కానీ లాప్‌టాప్ చిన్న రేడియో గొంతు కిందికి చేరదు కదా.

వెనక కూర్చున్న బాబులూ, ఇది మీకే. వైఫై ముందు చెవి పెట్టి విని, గాలిలో ఎవరూ లేరనుకున్నాకే మాట్లాడుతుంది. వరండా ఆ చివర గదీ ఈ చివర గదీ ఒకదానికొకటి వినపడకపోతే ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, మధ్యలో ఉన్న డబ్బా దగ్గర రెండూ గుద్దుకుంటాయి. దానికి మందుగా ఆర్‌టీఎస్ థ్రెషోల్డ్‌ని, అంటే ఎంత పెద్ద ప్యాకెట్ అయితే పంపే ముందు అనుమతి అడగాలో చెప్పే హద్దుని, 2347 బైట్ల నుంచి 500కి దించాను. కొంచెం నయమైంది, కానీ ప్రతి పెద్ద ప్యాకెట్‌కీ ముందు అనుమతి అడగడానికే కొంత టైమ్ పోయేది.

అసలు మార్పు వచ్చింది పవర్ తగ్గించాకే. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానిమీదొకటి పడని 1, 6, 11 తప్ప వేరే ఛానల్ ముట్టుకోలేదు, వెడల్పు 20 మెగాహెర్ట్‌జే ఉంచాను, 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ అనే పాత నెమ్మది వేగాలు ఆపేశాను. ఆ పాత వేగాలు మాత్రమే తెలిసిన ఒక ప్రింటర్ ఆఫీసులో ఆగిపోయింది, దానికి కేబుల్ వేశాం.

ఆ అమ్మాయికి మళ్లీ పరీక్ష పెట్టమని వెళ్లి అడిగాను. పెట్టలేదు. అందుకే బతిమాలుతున్నాను, ఈ రాత్రి మీ హాస్టల్ వరండాలో ఫోన్‌లో వైఫై ఎనలైజర్ పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి, ఏ గది దగ్గర డబ్బా మారుతోందో రాసుకోండి. రేపు ఆ కాగితం నాకు చూపించండి.